గోడ బల్ల మీద మన కొండ, మన స్టేషన్

నమస్కారం అండీ. ఇంట్లో మోడల్ రైల్వే కట్టాలనుకునేవాళ్లు చాలామంది ముందుగా చేసే పని 8 అడుగులు, 4 అడుగుల ప్లైవుడ్ షీటు తెచ్చి దాని మీద గుండ్రంగా పట్టాలు పరిచేయడం. మన రైళ్లకు అది కుదరదు.

ఎక్కువమంది వాడేది హెచ్‌ఓ స్కేలు, అంటే అసలులో 87వ వంతు. చెన్నై ఐసీఎఫ్ (ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) తరహా మన బోగీ 21 మీటర్ల పైచిలుకు ఉంటుంది. ఈ స్కేలులో చేస్తే 24 సెంటీమీటర్లు దాటుతుంది. 4 అడుగుల వెడల్పులో ఎంత తిప్పినా వంపు వ్యాసార్థం 22 అంగుళాలకు మించదు. ఆ వంపులో ఇంత పొడుగు బోగీ తిరిగితే నడుము లోపలికి జరిగి, మూలలు బయటికి పొడుచుకొస్తాయి. అందుకే నేను గోడ వెంబడి 10 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు బల్ల కట్టాను. రైలు ఒక చివర వచ్చి, స్టేషన్లో ఆగి, రెండో చివర కొండ చాటుకు వెళ్లిపోతుంది. చంద్రగిరి లాంటి స్టేషన్‌కి ఈ చోటు చాలు. తిరుపతి మెయిన్ స్టేషన్ జోలికి పోవద్దు. 24 బోగీల రైలును నిలబెట్టడానికే 6 మీటర్లు కావాలి!

ఒక రాజీ మాత్రం తప్పలేదు. మన బ్రాడ్ గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1676 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 19 దాటుతుంది. దొరికే హెచ్‌ఓ పట్టాలు విదేశాల్లోని 1435 గేజ్ లెక్కకు చేసినవి, కాబట్టి 16.5 మాత్రమే. పక్కనుంచి చూస్తే ఆ తేడా తెలియదు.

ఇక కొండ దగ్గరికి రండి. ఈ లేఅవుట్‌కి ప్రాణం ఇదే. వెనకాల ఏదో ఒక పచ్చటి గుట్ట పెడితే అది ఏ ఊరైనా కావచ్చు. మనది తిరుపతి అని తెలియాలంటే రాయి మనదిలా ఉండాలి. తిరుమల ఘాట్ రోడ్డులో ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అని బోర్డు చూసే ఉంటారు, అది జాతీయ భూగర్భ స్మారకం. అక్కడ కింద ఉన్నది పాత గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్. ఆ రెంటి మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఎడం ఉందని చెబుతారు, బోర్డు మీది పేరు ఆ ఎడానిదే. నేను చేసింది ఆ రెండు రాళ్లనీ విడివిడిగా చూపించడమే.

ఇదిగో, పై భాగం చూడండి. థర్మాకోల్ షీట్లను కత్తితో కోయకుండా చేత్తో విరిచి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పేర్చాను. విరిగిన అంచులే రాతి పొరలయ్యాయి. అతికించడానికి ఫెవికాల్ వాడండి. థిన్నర్ కలిసిన రంగులు, రబ్బరు జిగురు తగిలితే థర్మాకోల్ కరిగిపోతుంది. పైన పలచటి ప్లాస్టర్ ఆఫ్ పారిస్, అది ఆరాక లేత గోధుమ రంగు. తర్వాత నీళ్లలో కలిపిన కావి పోస్తే పొరల సందుల్లోకి దానంతటదే దిగుతుంది. కింది వాలులో మాత్రం పొరలు కనిపించకూడదు, అక్కడ గుండ్రటి బూడిద రంగు బండలే.

చెట్ల విషయంలో రెడీమేడ్ పచ్చపొడి కొనకండి. ఆ ముదురు ఆకుపచ్చ మన ఎండకు నప్పదు. రంపపు పొట్టుకు పసుపు కలిసిన పచ్చ రంగు వేసి, సన్నగా తుంచిన కొబ్బరి పీచు కలిపితే మే నెల శేషాచలం తుప్పలు వచ్చేస్తాయి. నాకు ఈ రంగు కుదిరినప్పుడు కలిగిన ఆనందం ఇంజన్ కొన్నప్పుడు కూడా కలగలేదు.

పట్టాల కింద కంకరకు ఎం-శాండ్, అంటే రాళ్లను పిండి చేసిన ఇసుక, జల్లించాను. అసలు కంకర 20 నుంచి 65 మిల్లీమీటర్లు. స్కేలులో పెద్ద రాయి కూడా ముప్పావు మిల్లీమీటరు దాటకూడదు. కంకర పోసే ముందే పట్టాల పక్కలకు తుప్పు రంగు వేయాలి. పోశాక సబ్బు చుక్క కలిపిన నీళ్లు స్ప్రే చేసి, పలచటి ఫెవికాల్‌ను డ్రాపర్‌తో వదలాలి. పాయింట్లు (రైలును ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించేవి) కదిలే చోట చుక్క కూడా పడనివ్వకండి.

ప్లాట్‌ఫారం మీద పసుపు బోర్డు, నల్లక్షరాలు. మనుషులు 2 సెంటీమీటర్లకు కాస్త తక్కువ ఎత్తు. కొందరికి గుండు మీద గంధం రంగు చుక్క పెట్టాను, కొండ దిగి వచ్చిన భక్తులని దూరం నుంచే తెలుస్తుంది.

వైరింగ్ వచ్చే వీడియోలో చూపిస్తాను. అప్పటిదాకా ఎవరైనా మొదలుపెడితే, పట్టాలకు తీగలు సోల్డర్ చేసి, రైలు ఒకసారి నడిపి చూశాకే కంకర పోయండి.