పవర్ విండో ఆగిందా? మోటార్ కొనేముందు ఒక బల్బు పెట్టి చూడండి

ఎడమ పక్క ముందు డోర్ అద్దం దిగింది, మళ్లీ ఎక్కట్లేదు. స్విచ్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. సరిగ్గా ఇక్కడే చాలామంది "మోటార్ పోయింది" అనేసి కొత్తది తెప్పించేస్తారు. కొంచెం ఆగండి.

ముందు డ్రైవర్ దగ్గరున్న విండో లాక్ బటన్ చూడండి. నవ్వకండి, అది నొక్కి ఉండి షెడ్డుకొచ్చే బళ్లుంటాయి. తర్వాత ఫ్యూజ్. అద్దాలన్నీ ఒకేసారి ఆగిపోతే అనుమానం ముందు ఫ్యూజ్ మీదే.

ఇప్పుడు ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, లోపల లైటు వేసి స్విచ్ నొక్కండి. లైటు కాస్త మసకబారిందా? మోటార్ కరెంటు లాగుతోంది కానీ తిరగలేకపోతోంది. అసలు మారలేదా? కరెంటు దారిలో ఎక్కడో ఆగింది, లేదా మోటార్‌లో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి. ఇక మోటార్ గిర్రున తిరుగుతున్న చప్పుడు వస్తూ అద్దం కదలకపోతే చాలాసార్లు రెగ్యులేటర్ (అద్దాన్ని పైకీ కిందికీ నడిపే అమరిక) కేబులే తెగి ఉంటుంది.

డోర్ ప్యాడ్ తీద్దాం. హ్యాండిల్ వెనకా, ఆర్మ్‌రెస్ట్ గుంటలోనూ స్క్రూలుంటాయి. అవి తీశాక కింది అంచు పట్టుకుని లాగితే క్లిప్పులు ఊడతాయి. లోపలి ప్లాస్టిక్ షీట్ చింపకండి, మళ్లీ కావాలి.

రెండు వైర్ల మోటారైతే కనెక్టర్ పీకి, దానికి 21 వాట్ల బల్బు తగిలించి స్విచ్ పైకీ కిందికీ నొక్కండి. మల్టీమీటర్ ఎందుకు కాదంటారా? వైర్‌లో ఒక్క పోగు మిగిలినా మీటర్ 12 వోల్టులు చూపించేస్తుంది, ఆ పోగు మీద మోటార్ మాత్రం తిరగదు. పైకి నొక్కినా కిందికి నొక్కినా బల్బు ఫుల్‌గా వెలిగితే తప్పు మోటార్‌దే. డల్‌గా వెలిగినా, వెలగకపోయినా డోర్ కీలు దగ్గరి రబ్బర్ గొట్టం విప్పండి. డోర్ తెరిచి మూసే కొద్దీ వైర్లు అక్కడే తెగుతాయి, పైతొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. మెల్లగా లాగితే సాగే వైరే దొంగ. అక్కడ వైర్లన్నీ బాగుంటే స్విచ్ చూడాలి.

మోటారే అని తేలితే అద్దాన్ని రెగ్యులేటర్ నుంచి విప్పి పైకి నెట్టి, ఫ్రేమ్ మీదుగా టేపు గట్టిగా వేయండి. బ్యాటరీ నెగెటివ్ విప్పండి. మీ బండిది కత్తెర రకం రెగ్యులేటరైతే (కేబుల్ బదులు కత్తెరలా కదిలే ఇనప చేతులుండేది) జాగ్రత్త: మోటార్ ఊడగానే స్ప్రింగ్ బలానికి ఆ ఇనప చేయి విసురుగా లేస్తుంది, వేళ్లు నలుగుతాయి. ముందే దాన్ని కదలకుండా బిగించాలి. కొత్త మోటార్ కొనేటప్పుడు ఎడమా కుడీ చూసుకోండి, చాలా బళ్లలో ఒకటి ఇంకోదానికి పనికిరాదు.

అద్దాన్నీ, బ్యాటరీనీ మళ్లీ కలిపి, ప్యాడ్ బిగించకముందే అద్దం రెండుసార్లు దించి ఎక్కించండి. నెమ్మదిగా కదిలితే పక్క రబ్బర్లకు సిలికాన్ స్ప్రే కొట్టండి. ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు, రబ్బర్ ఉబ్బుతుంది. ఈ బిగుసుకున్న రబ్బరే పాత మోటార్‌ను చంపి ఉండొచ్చు, వదిలేస్తే కొత్తదాన్నీ చంపుతుంది.

ఆటో అప్ (ఒక్కసారి నొక్కితే అద్దం దానంతటదే పూర్తిగా ఎక్కేది) ఉన్న బండైతే, అది మళ్లీ పనిచేయడానికి అద్దం పూర్తిగా ఎక్కాక స్విచ్‌ను ఇంకో రెండు మూడు సెకన్లు పట్టుకోవాలి, బళ్లను బట్టి పద్ధతి కొంచెం మారుతుంది. ప్లాస్టిక్ షీట్ కింది అంచు డోర్ లోపలి వైపుకి పోయేలా అతికించండి, లేకపోతే వానాకాలంలో కాళ్ల కింద మ్యాట్ తడుస్తుంది.