చెవికి అలవాటు అవ్వదు: శబ్దం, వినికిడిపై ఫోన్-ఇన్

యాంకర్: లైన్లో ఎవరున్నారు? చెప్పండి సార్.

కాలర్: హలో... హలో, వినపడుతోందాండీ?

యాంకర్: వినపడుతోంది. మీ టీవీ సౌండ్ కాస్త తగ్గించండి.

కాలర్: ఆ, తగ్గించా. నమస్కారం డాక్టర్ గారూ. నేను గ్రైండింగ్ మిషన్ మీద పనిచేస్తానండీ, ఏళ్ళ తరబడి అదే పని. మొదట్లో ఆ మోతకి రాత్రిళ్ళు చెవులు గుయ్యిమనేవి. తర్వాత్తర్వాత అలవాటైపోయింది, ఏ బాధా లేదు. ఇప్పుడేమో మా ఆవిడ, నేను చెప్పేది మీరు వినరు అంటది. వింటానండీ! గొంతు వినపడుద్ది, మాటే తెలీదు. పిల్లలు మాట్లాడితే మరీను. అదే మా అన్నయ్యది బొంగురు గొంతు, ఆయన మాట బ్రహ్మాండంగా వినపడుద్ది. గుబిలి పట్టిందేమోనని నూనె కూడా...

డాక్టర్: ముందు ఆ నూనె ఆపండి. అలవాటైపోయింది అన్నారు చూడండి, అసలు సంగతి అదే. చెవికి మోత అలవాటు అవ్వదండీ. వినికిడి తగ్గింది కాబట్టి మోత తగ్గినట్టు ఉంది మీకు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని కాక్లియా ఉంటుంది. అందులో సుమారు 15,000 రోమకణాలు. శబ్దానికి లోపలి ద్రవం కదిలి ఆ కణాల మీది సన్నటి రోమాలు వంగుతాయి, అప్పుడే నరానికి సంకేతం వెళ్తుంది. మోత మితిమీరితే రోమాలు విరుగుతాయి. కణం లోపలా హాని చేసే పదార్థాలు పేరుకుంటాయి, అందుకే మోత ఆగాక కూడా కొన్నాళ్ళు కణాలు చస్తూనే ఉంటాయి. చచ్చిన కణం మళ్ళీ పుట్టదు. పక్షులకి పుడుతుంది, మనకి లేదు ఆ అదృష్టం.

కాలర్: మరి మందులేమన్నా...

డాక్టర్: వస్తున్నా. మొదట దెబ్బతినేది సాధారణంగా 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే సన్నటి శబ్దాలు వినే శక్తి. స, ష, ఫ లాంటివి తేడాగా తెలియాలంటే ఆ సన్నటి శబ్దాలే కావాలి. అందుకే గొంతు వినపడి మాట తెలియట్లేదు. మీ ఆవిడ చెప్పేది నిజమే, మీరు చెప్పేదీ నిజమే.

కాలర్: అది సరేనండీ, మందులతో తగ్గుద్దా? నరాలకి బిళ్ళలేవో ఉన్నాయంటగా.

డాక్టర్: పోయినదాన్ని తెచ్చే బిళ్ళ లేదండీ. చచ్చిన కణం మళ్ళీ పుట్టదని చెప్పానా! ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష చేయించుకోండి, అవసరమైతే వినికిడి యంత్రం ఇస్తారు. పనిలో చెవులకి ఏం పెట్టుకుంటున్నారు?

కాలర్: దూదండీ.

డాక్టర్: దూదికి ఆ మోత ఆగదు. ఫోమ్ ఇయర్ ప్లగ్ వేళ్ళతో సన్నగా నలిపి, చెవిని పైకీ వెనక్కీ లాగి లోపల పెట్టాలి. అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. లేదంటే చెవి మొత్తం కప్పే ఇయర్ మఫ్. మధ్యమధ్యలో తీసేస్తే లాభం లేదు, మోత ఉన్నంతసేపూ ఉండాలి.

కాలర్: సరేనండీ. అయితే ఆ పాత వినికిడి మాత్రం...

డాక్టర్: (నవ్వుతూ) రాదండీ. ఉన్నది కాపాడుకుందాం.

యాంకర్: థాంక్యూ సార్. నెక్స్ట్ కాలర్.

కాలర్: మేడమ్, ఇయర్‌ఫోన్స్ ఎంత సౌండ్‌లో పెట్టుకోవచ్చు?

డాక్టర్: సౌండ్ ఎంత, ఎంతసేపు, రెండూ చూడాలి. సౌండ్‌ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. పనిచోట వాడే ఒక లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు. 3 పెరిగితే సమయం సగం. 88కి 4 గంటలు, 100కి 15 నిమిషాలే. పాటలకైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ 80 డెసిబెల్స్, వారానికి 40 గంటలు దాటొద్దంటోంది. మీరు ఎంతసేపు వింటారు?

కాలర్: నిద్రపట్టేదాకా మేడమ్.

డాక్టర్: అమ్మో. సౌండూ తగ్గించండి, టైమూ తగ్గించండి.

యాంకర్: థాంక్యూ. హలో, చెప్పండమ్మా.

కాలర్: నిన్న రాత్రి పెద్ద స్పీకర్ల పక్కనే ఉన్నా మేడమ్. పొద్దున్నుంచి కుడిచెవి దిబ్బడేసింది, గుయ్యిమంటోంది. అదే తగ్గుద్దంటున్నారు అందరూ.

డాక్టర్: చాలామందికి ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గిందని ఇంకోసారి స్పీకర్ల పక్కకి వెళ్ళకండి. కానీ ఒక్క చెవికే అంటున్నారు కదా, ఆ చెవికి ఫోన్ పెడితే మాట తెలుస్తోందా?

కాలర్: సరిగ్గా లేదు మేడమ్. రేపు చూపించుకుంటా.

డాక్టర్: రేపు కాదు తల్లీ, ఇవాళే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళండి. వినికిడి ఒక్కసారిగా పడిపోతే స్టెరాయిడ్లు ఇస్తారు, అవి ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. ఫోన్ పెట్టేసి బయల్దేరండి.

యాంకర్: టైమ్ అయిపోయింది. డాక్టర్ గారికి థాంక్యూ.