ఫోర్సీథియా పూయట్లేదా? కత్తెర ఎప్పుడు పట్టారో గుర్తు చేసుకోండి

[తెర మీద: ఆకు లేని పొద, నిండా పసుపు పూలు]

చూడండి, ఒక్క ఆకు లేదు. కొమ్మలు మాత్రం మొదలు నుంచి చివరిదాకా పసుపు పూసినట్టున్నాయి. ఇది ఫోర్సీథియా. చలికాలం పోతూనే ముందు పూలు, తర్వాతే ఆకులు. మల్లెకు దూరపు చుట్టం, రెండూ ఆలివ్ కుటుంబమే. పూవుకి రేకులు నాలుగే. మల్లెలా గుబాళిస్తుందని మాత్రం ఆశపడకండి.

[దగ్గరి షాట్: కొమ్మ మీద మొగ్గలు]

ఈ మొక్క మీద వచ్చే ఫిర్యాదు ఒకటే: "ఏపుగా పెరుగుతోంది, పూయట్లేదు." చాలాసార్లు తప్పు కత్తెరదే. పోయిన ఏడాది పెరిగిన కొమ్మల మీదే పూలొస్తాయి. వాటి మొగ్గలు వేసవిలోనే తయారై, చలికాలమంతా అలాగే నిద్రపోతాయి. ఆకులు రాలాక "కాస్త నీట్‌గా చేద్దాం" అని కత్తిరించామా, వచ్చే పూలన్నీ చెత్తబుట్టలోకే. నేనూ చేశాను ఆ పని. గుండ్రంగా, బంతిలా భలే కుదిరింది. వసంతంలో పట్టుమని పది పూలు లేవు!

అందుకే పూలు రాలిన వెంటనే కత్తెర పట్టండి. పైపైన చివర్లు కొట్టొద్దు. బాగా ముదిరిన కొమ్మల్ని, మొత్తంలో మూడో వంతు మించకుండా, నేలమట్టానికి తీసేయండి. మొదట్లోంచి కొత్తవి లేస్తాయి.

[తెర మీద: మంచులో సగం మునిగిన పొద]

ఇంకో కారణం చలి. పూయడానికి చలికాలం కావాలి, ఏడాదంతా వేడిగా ఉండే చోట ఇది పూయదు. అలాగని గడ్డకట్టే చలి మరీ ముదిరితే మొక్క బతికినా మొగ్గలు మాడిపోతాయి. అప్పుడు మంచు కప్పిన కింది కొమ్మలే పూస్తాయి, పైన బోడిగా ఉంటుంది.

మిగతా విషయాల్లో టెన్షన్ అక్కర్లేదు. రోజుకి ఆరు గంటల ఎండ, నీరు నిలవని నేల, మొదటి ఏడాది క్రమం తప్పని నీళ్లు చాలు. నత్రజని ఎరువు ఎక్కువైతే ఆకులే మిగులుతాయి. కొనేముందు రకం చూసుకోండి. మామూలువి 8 నుంచి 10 అడుగులు పోతాయి, బ్రాంక్సెన్సిస్ అనే పొట్టి రకం ఒక అడుగు దగ్గరే ఆగుతుంది.

[తెర మీద: వంచిన కొమ్మ, పైన మట్టి]

ఇంకో మొక్క కావాలంటే కొనక్కర్లేదు. కింది కొమ్మని నేలకి వంచి, పైన మట్టి కప్పి అంటు తొక్కండి. వేర్లు దిగాక కోసి వేరే చోట నాటుకోవచ్చు.