సంతకానికి ముందు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, పొద్దున్నుంచీ వెనక పులిహోర కలుపుతున్న అక్కయ్యలకు, శనివారం పూట పిల్లల్ని బతిమాలి కారెక్కించుకుని న్యూజెర్సీలోని ఈ ఎడిసన్ దాకా వచ్చిన అమ్మానాన్నలకు, అందరికీ. నాకిచ్చిన టైం ఇరవై నిమిషాలు. నాకిచ్చిన అంశం, అమెరికా కాలేజీలకు మామూలు గడువు కన్నా ముందే వేసే ఎర్లీ అప్లికేషన్లలో ఏది ఎంచుకోవాలి అని. తెలిసినంత చెప్తాను. కానీ నేను ఇవాళ వచ్చింది ఒక సంతకం గురించి చెప్పడానికి.

ముందు అంశం. ఎర్లీ యాక్షన్ అంటే, మామూలుగా నవంబర్ 1 లోపు అప్లై చేస్తాం. నార్త్ కరోలినా యూనివర్సిటీ, చాపెల్ హిల్ లాంటి చోట్ల అక్టోబర్ 15కే. జవాబు త్వరగా వస్తుంది. సీటొచ్చినా మనకేం కట్టుబాటు లేదు, మే 1 దాకా ఆలోచించుకోవచ్చు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్ వాళ్ళది ఇంకో రకం. అక్కడా కట్టుబాటు లేదు గానీ, వాళ్ళకి ఎర్లీ వేస్తే ఇంకో ప్రైవేట్ యూనివర్సిటీకి ఎర్లీ వేయకూడదు. ప్రభుత్వ యూనివర్సిటీలకు, అక్కడా కట్టుబాటు లేకపోతే, వేసుకోవచ్చు. మూడోది ఎర్లీ డెసిషన్. కొలంబియా, పెన్, బ్రౌన్, కార్నెల్, డార్ట్‌మత్, డ్యూక్, ఇంకా చాలా ఉన్నాయి. ఈ రకం ఒక్క చోటికే వేయాలి. డిసెంబర్ మధ్యలో సీటొస్తే చేరాల్సిందే, మిగతా అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకోవాలి. అప్పుడు రాకపోతే జనవరి మొదట్లో ఇంకో చోట రెండో విడత. దానికీ ఇదే కట్టుబాటు.

మనలో చాలామంది ఎంసెట్ రాసొచ్చినవాళ్ళమే. అక్కడ ముందు ర్యాంకు, తర్వాత వెబ్ ఆప్షన్లు. ఏ కాలేజీలో ఫీజెంతో ముందే తెలుసు. ఎర్లీ డెసిషన్‌లో అంతా తలకిందులు. ఫీజు తెలియకముందే, ఇంకెక్కడ సీటొస్తుందో తెలియకముందే మాటివ్వాలి. ఆ మాట పత్రం మీద మూడు సంతకాలుంటాయి. పిల్లది, స్కూల్ కౌన్సిలర్‌ది, మనది.

2022 అక్టోబర్ 31 రాత్రి. ఒక యూనివర్సిటీకి ఎర్లీ డెసిషన్ వేయడానికి మా అమ్మాయి డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. మేరీల్యాండ్ యూనివర్సిటీకి ఎర్లీ యాక్షన్ అప్పటికే పంపేసింది. అక్కడ స్కాలర్‌షిప్‌కి చూడాలంటే నవంబర్ 1 లోపే వేయాలి. ‘నాన్నా, మేరీల్యాండ్ సంగతి తేలేదాకా ఆగొచ్చు కదా’ అంది. ఆగమని నేను అనలేదు. మేం డబ్బు కట్టి పెట్టుకున్న కన్సల్టెంట్ అంతకుముందే ‘ఎర్లీ డెసిషన్ వేయకపోతే ఛాన్సే లేదు, ఫీజు సాయం, అదే ఎయిడ్, ఆ సంగతి వాళ్ళే చూసుకుంటారు’ అన్నాడు. నమ్మాను. సంతకం పెట్టాను.

ఛాన్స్ ఎక్కువన్నది పూర్తిగా అబద్ధం కాదు. ఎర్లీలో తీసుకునే శాతం ఎక్కువే ఉంటుంది. కానీ ఆ లెక్కలో ఆటల కోసం ముందే ఎంచుకున్న పిల్లలున్నారు, అదే యూనివర్సిటీలో చదివినవాళ్ళ పిల్లలున్నారు. వాళ్ళని తీసేసి చూస్తే మన పిల్లకి మిగిలేదెంత? ఆ ప్రశ్న నేను అడగలేదు. ఎర్లీ పద్ధతి డబ్బున్నవాళ్ళకే మేలు చేస్తోందని 2006లో హార్వర్డ్, ప్రిన్స్‌టన్ తీసేశాయి. 2011లో మళ్ళీ తెచ్చాయి.

డిసెంబర్‌లో సీటొచ్చింది. ఇల్లంతా పండగ. ఊళ్ళో అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. తర్వాత ఎయిడ్ కాగితం తెరిచాను. సున్నా. కట్టాల్సింది ఏడాదికి 80 వేల డాలర్ల పైమాట. ఇప్పుడైతే కొన్ని చోట్ల 90 వేలు దాటింది.

ఈ మాట మన వాళ్ళు బాగా వినాలి. ఎయిడ్ కోసం నింపే సీఎస్ఎస్ ప్రొఫైల్ ఫారంలో ఇండియాలో ఉన్న ఆస్తి కూడా రాయాలి. తెనాలి పక్కన నాన్న వదిలివెళ్ళిన ఎకరం ముప్పావు రాశాను. కౌలు ఎంతొస్తుందో మీకు తెలుసు. అది ఆస్తి కింద పడింది. అమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్, నెలనెలా నేను పంపేది ఆ లెక్కలోకి రాలేదు. ప్రత్యేక పరిస్థితులు చెప్పుకోవడానికి ఒక గడి ఉంటుంది, అందులో రాశాను. ఫోన్ చేశాను, మళ్ళీ చేశాను. మారలేదు.

ఆ వారమే అమ్మాయి అప్లికేషన్లు వెనక్కి తీసుకుంది. ఆరు యూనివర్సిటీలు. ఒక్కోదానికీ మెయిల్ టైప్ చేసింది, నేను పక్కన నిలబడి చూస్తున్నాను. మేరీల్యాండ్‌ది ఆఖరుకి ఉంచింది. అది పంపి, లాప్‌టాప్ మూసి, ‘అన్నం తినేశాను, పడుకుంటా’ అని లోపలికి వెళ్ళింది. తినలేదు. పళ్ళెంలో పప్పన్నం కలిపినట్టే ఉంది. అక్కడ సీటొచ్చేదో లేదో, స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్ళో లేదో, మాకిప్పటికీ తెలీదు. ఎప్పటికీ తెలీదు.

అమ్మాయి బాగానే చదువుతోంది. ఇంటి మీద అప్పు తెచ్చాం. ఆ యూనివర్సిటీ మీద నాకు కోపం లేదు.

ఇంకొకటి. ఇచ్చిన ఎయిడ్‌తో చేరడం సాధ్యం కాకపోతే కట్టుబాటు నుంచి తప్పుకోవచ్చని ఆ పత్రంలోనే ఉంటుంది. నేను దాన్ని ఏప్రిల్‌లో చదివాను. సంతకం పెట్టింది అక్టోబర్‌లో.

ఇక్కడ ఎంతమంది నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ వాడారు? చేతులెత్తండి. నలుగురు. అమ్మా, బాబూ, అది దాదాపు ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో ఉండాలని 2011 నుంచి చట్టమే ఉంది. మన జీతం, ఆస్తి వేస్తే మనం సుమారుగా ఎంత కట్టాలో చెప్తుంది. అరగంట పని. ఆ అంకె చూశాక కూడా ‘కడతాం, వేరే ఆఫర్లతో పోల్చుకోనక్కర్లేదు’ అనుకుంటే, పిల్లకి కూడా ఆ కాలేజీయే అన్నిటికన్నా ఇష్టమైతే, ఎర్లీ డెసిషన్ వేయండి. రెండిట్లో ఒక్కటి లేకపోయినా ఎర్లీ యాక్షన్ చాలు. హెచ్-4, అంటే హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా మీదున్న పిల్లలకు ఫెడరల్ ఎయిడ్, అంటే అమెరికా ప్రభుత్వ సాయం, రాదు, చాలా ప్రైవేట్ కాలేజీలు వాళ్ళని విదేశీ విద్యార్థులుగానే చూస్తాయి. మీరు ఆ కాలేజీకి నేరుగా ఫోన్ చేసి అడిగాకే ముందుకెళ్ళండి.

టైం అయిపోయిందని చెప్తున్నారు. వెనక టేబుల్ మీద మూడు లాప్‌టాప్‌లు పెట్టాం. నిరుటి ట్యాక్స్ రిటర్న్ మీ ఫోన్‌లో ఉంటే చాలు, సాయంత్రం ఐదింటి దాకా నేను అక్కడే ఉంటాను. పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని రండి. ఆ అంకె వాళ్ళు కూడా చూడాలి.