ఫౌండ్రీలో ఏడాది: ట్రైనింగ్‌కి వెళ్ళే జూనియర్లతో కాసేపు

హెచ్ఓడీ సార్‌కి, మేడమ్స్‌కి, ల్యాబ్ స్టాఫ్‌కి నమస్కారం. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీక్కూడా. సార్ ఫోన్ చేసి ట్రైనింగ్ గురించి పిల్లలకి ఒక అరగంట మాట్లాడు బాబూ అన్నారు, మోటివేషన్ స్పీచ్ అయితే నా వల్ల కాదు సార్ అన్నాను, అది వాళ్ళకి యూట్యూబ్‌లో దొరుకుతుందిలే, నువ్వు ఫౌండ్రీలో ఏం జరుగుతుందో చెప్పు చాలు అన్నారు. సరే, ఫౌండ్రీ అంటే ఇనుము కరిగించి అచ్చుల్లో పోసే ఫ్యాక్టరీ, దాని గురించే చెప్తాను. మైకు కొంచెం గర్‌గర్ అంటోంది, వెనకాల బెంచీలవాళ్ళకి వినపడకపోతే చెయ్యెత్తండి.

మనది మూడున్నరేళ్ళ మెటలర్జీ శాండ్‌విచ్ డిప్లొమా, అంటే చదువు మధ్యలో కంపెనీ ట్రైనింగ్, దాని రెండు విడతలూ కలిపితే ఏడాది కంపెనీలోనే గడుస్తుంది. మిగతా బ్రాంచిలవాళ్ళు మనల్ని చూసి మీకు ఎక్స్‌ట్రాగా ఆర్నెల్లు బొక్కరా అంటారు, మా బ్యాచ్‌నీ అన్నారు. ఇదేమీ మన బోర్డు కొత్తగా కనిపెట్టి మన నెత్తిన పెట్టింది కాదు. ఇంగ్లండ్‌లో సండర్లాండ్ టెక్నికల్ కాలేజీలో 1903లోనే ఉంది, అమెరికాలో సిన్సినాటి యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ అనే ఆయన 1906లో 27 మంది స్టూడెంట్స్‌తో మొదలుపెట్టాడు, బిట్స్ పిలానీవాళ్ళ ప్రాక్టీస్ స్కూల్ 1973 నుంచి నడుస్తోంది. బిట్స్ ఫీజు ఎంతో మీకు తెలుసు కదా, మనకి పాలిసెట్ ర్యాంకుతో అదే పద్ధతి వచ్చింది, కాబట్టి బొక్క అనేవాళ్ళని అననివ్వండి.

అసలు విషయానికొస్తాను. కంపెనీ మిమ్మల్ని తీసుకునేది మీకు నేర్పడానికి కాదు. వాళ్ళకి రోజూ ఇన్ని టన్నులు పోయాలి, రిజెక్షన్ ఇంతకి మించకూడదు, కస్టమర్‌కి లారీ ఇన్నింటికి వెళ్ళాలి, వాళ్ళ బాధ అది. మిమ్మల్ని కూర్చోబెట్టి చెప్పే తీరిక అక్కడ ఎవడికీ ఉండదు, అది తప్పు అని కూడా నేను అనను. మీరే వెళ్ళి తెచ్చుకోవాలి. ఎవరి దగ్గర నుంచి అనేదే నేను ఇవాళ చెప్పదలుచుకుంది.

నేను చేసింది హైదరాబాద్ శివార్లలో ఒక ఫౌండ్రీలో, పేరు చెప్పను, ఎందుకో కాసేపట్లో మీకే అర్థమవుతుంది. మొదట నన్ను ఫెట్లింగ్‌లో పడేశారు, అంటే పోతపోసి తీసిన క్యాస్టింగ్‌కి ఉన్న అదనపు ముక్కలు గ్రైండర్‌తో గీకేయడం. తర్వాత క్వాలిటీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి పాత రిజెక్షన్ షీట్లన్నీ ఎక్సెల్‌లో కొట్టమన్నారు. అక్కడ పక్కనే స్పెక్ట్రో రూము, అంటే మెటల్లో ఏది ఎంత శాతం ఉందో చెప్పే మెషీన్ ఉండే రూము, దాంట్లో ఏసీ ఉంటుంది, ఏసీ ఆ మెషీన్‌ కోసం, మన కోసం కాదు, కానీ మే నెలలో ఆ రూములోకి ఒకసారి దూరిన ట్రైనీ ఇంక బయటికి రాడు. మా బ్యాచ్‌లో ఒకడు ట్రైనింగ్ మొత్తం అక్కడే కానిచ్చేశాడు, వాడికి మార్కులు బానే వచ్చాయి, ఇప్పుడు వేరే ఫీల్డులో ఉన్నాడు, హ్యాపీగానే ఉన్నాడు, కాబట్టి వాడు చెడిపోయాడని నేను చెప్పను. కానీ మెటలర్జీ చేద్దామనుకునేవాళ్ళు మాత్రం మెల్టింగ్‌కి వెళ్ళండి. వేడి, పొగ, చప్పుడు, అన్నీ నిజమే. అయినా వెళ్ళండి. నేను రెండుమూడుసార్లు అడిగాక నైట్ షిఫ్ట్ అయితే పో అన్నారు. సరే అన్నాను.

అక్కడ ఫర్నేస్ దగ్గర ఒక పెద్దాయన, శ్రీకాకుళం మనిషి, ఏడో క్లాసు చదివాడు, అందరూ బాబాయ్ అంటారు, నేనూ అదే అన్నాను. మొదటి రాత్రి నన్ను ఎగాదిగా చూసి "ఏటి సూస్తన్నావు, ఆ బ్లూ గ్లాస్ పెట్టుకో, కళ్ళు పోతాయి" అన్నాడు, అంతే, ఆ వారం మొత్తంలో మా మధ్య అంతకు మించి మాటల్లేవు. చెప్పాను కదా, ఎవరూ నేర్పరు. నేను రోజూ టీ టైముకి ఆయన పక్కన కూర్చునేవాణ్ణి, ఆయన తూకం రాయమంటే రాసేవాణ్ణి, కొన్నాళ్ళకి ఆయనే మొదలుపెట్టాడు.

ఎస్‌జీ ఐరన్, అంటే స్ఫెరాయిడల్ గ్రాఫైట్ ఐరన్, మనకి సిలబస్‌లో రెండు పేజీలు. మామూలు పోత ఇనుమైన గ్రే ఐరన్‌లో గ్రాఫైట్ రేకుల్లా ఉంటుంది, మెగ్నీషియం కలిపితే గుండ్రంగా అవుతుంది, అందుకని టప్‌మని విరగకుండా వంగుతుంది, 1943లో అమెరికాలో కీత్ మిల్లిస్ కనుక్కున్నాడు, రాసేశాం, మార్కులు పడ్డాయి. శ్రీకాళహస్తి దగ్గర రాచగున్నేరిలో చేసే డీఐ, అంటే డక్టైల్ ఐరన్, పైపులు కూడా ఈ ఐరనే, రోడ్డు పక్కన వాటర్ స్కీముల కోసం నల్లగా పేర్చి ఉంటాయి చూడండి, అలాంటివే. మరి ఫ్లోర్ మీద అది ఎలా ఉంటుందంటే, మెగ్నీషియం 1090 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది, మన మెటల్ ఏమో 1500 దగ్గర ఉంటుంది. కలిసిందంటే భగ్గుమంటుంది, షెడ్డు మొత్తం తెల్లగా వెలిగిపోతుంది, తర్వాత తెల్లటి పొగ. అందుకని లాడిల్, అంటే కరిగిన మెటల్ మోసే బకెట్ లాంటి పాత్ర, దాని అడుగున ఒక పక్కకి పాకెట్ లాగా కట్టి, అందులో ఫెర్రో సిలికాన్ మెగ్నీషియం ముక్కలు పెట్టి, పైన చిన్న స్టీల్ ముక్కలు, పంచింగ్స్ అంటాం, కప్పి, మెటల్ దాని మీద పడకుండా రెండో పక్కన పడేట్టు పోస్తారు. ఆ వెలుగు తగ్గిన దగ్గర నుంచి టైము మొదలు. మెగ్నీషియం నిమిషం నిమిషానికీ ఎగిరిపోతూనే ఉంటుంది, దాన్నే ఫేడింగ్ అంటాం, ఉజ్జాయింపుగా పది నిమిషాల్లోపు మోల్డుల్లో, అంటే అచ్చుల్లో, పోసేయాలి. చివరికి మెటల్లో మిగలాల్సింది 0.03 నుంచి 0.05 శాతం. తగ్గితే మళ్ళీ రేకులు, మరీ ఎక్కువైతే ష్రింకేజీ, అంటే గట్టిపడేటప్పుడు లోపల ఖాళీలు.

ఒక రాత్రి ఈ మెగ్నీషియం ట్రీట్‌మెంట్ అయిపోయాక క్రేన్ ఆగింది. లాడిల్ గాల్లో ఉంది, ఎలక్ట్రీషియన్ ఎక్కడో ఉన్నాడు, అతను వచ్చి సరిచేసేసరికి చాలా సేపైంది. సూపర్‌వైజర్‌కి టార్గెట్ గోల, ఏం కాదు పోసేయ్ అంటున్నాడు. ల్యాబ్ కెమిస్ట్ డే షిఫ్ట్‌లోనే ఉంటాడు, శాంపిల్ పాలిష్ చేసి మైక్రోస్కోపులో చూసేవాళ్ళు ఆ టైములో లేరు. బాబాయ్ ఏం మాట్లాడకుండా గరిటెతో ఒక చిన్న శాంపిల్ పోశాడు, ఎరుపు తగ్గాక నీళ్ళ బకెట్‌లో ముంచాడు, సుత్తితో రెండు ముక్కలు చేశాడు, విరిగిన చోట కొంచెం తడి చేసి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నాకూ ఇచ్చాడు. నాకేం వాసన రాలేదు. "రాలేదు కదా, అదే మరి" అన్నాడు. మంచి ఎస్‌జీ అయితే తడి చేస్తే కార్బైడ్ వాసన వస్తుంది, వెల్డింగ్ షాపు దగ్గర, కాయల్ని మగ్గబెట్టే గోడౌన్ల దగ్గర వచ్చేది, ఆ ఘాటు. విరిగిన చోట రంగు కూడా వెండిలా మెరవాలి, ఇది మబ్బుగా బూడిద రంగులో ఉంది. మొత్తం లాడిల్ వెనక్కి ఫర్నేస్‌లో పోయించేశాడు. సూపర్‌వైజర్ తిట్టాడు. పొద్దున్నే ఆ ముక్కని నేనే ల్యాబ్‌కి తీసుకెళ్ళి పాలిష్ చేయించి చూస్తే రేకులే రేకులు. అవి పోసుంటే వెహికిల్ పార్టులు, ఎక్కడో రోడ్డు మీద విరిగేవి.

ఇది చెప్పి బాబాయ్ గొప్పోడు ఇంజనీర్లు దండగ అని ముగిస్తానేమో అనుకుంటున్నారు. కాదు. ఆయన ఇనాక్యులెంట్, అంటే గ్రాఫైట్ బాగా ఏర్పడ్డానికి చివర్లో కలిపే పొడి, పిడికిళ్ళతో వేసేవాడు, నా చెయ్యే త్రాసు అనేవాడు, ఒక రాత్రి నేను ప్రతి పిడికిలీ తక్కెడలో వేసి తూస్తే ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. ఫేస్ షీల్డ్ పెట్టుకోడు, చెమట పడుతుందంటాడు. వాసన ఎందుకొస్తుందో అడిగితే మా గురువు చెప్పాడు అంతే అన్నాడు. నేను రూముకెళ్ళి పుస్తకం తీస్తే, ఆ మెటల్లో తయారయ్యే కాంపౌండ్లు నీళ్ళు తగిలితే ఎసిటిలిన్ లాంటి గ్యాస్ వదులుతాయని అర్థమైంది, ఆయనకి చెప్తే చాలా సంతోషపడ్డాడు, ఆ తర్వాత తూకం యంత్రం ఫర్నేస్ పక్కకి తెచ్చుకోడానికి ఒప్పుకున్నాడు కూడా. మీకు అక్కడ విలువ వచ్చేది ఇలాంటి చోటే. ఆపరేటర్‌కి తెలిసింది పుస్తకంలో ఉండదు, పుస్తకంలో ఉన్నది ఆపరేటర్‌కి తెలీదు, ఆ రెండింటి మధ్యలో తిరిగే ఖాళీ, ఓపిక ఆ ఫ్యాక్టరీ మొత్తంలో ఒక్క ట్రైనీకే ఉంటుంది. మేనేజర్‌కి ఉండదు. రేపు మీకు ఉద్యోగం వచ్చాక మీకూ ఉండదు.

ఇంకోటి, హిందీ. మోల్డింగ్‌లో, ఫెట్లింగ్‌లో ఎక్కువమంది బీహార్, ఒడిశా కుర్రాళ్ళు. తెలుగులో అడిగితే నవ్వి ఊరుకుంటారు. వచ్చీరాని హిందీ అయినా పర్లేదు మాట్లాడండి, మోల్డులు కట్టే శాండ్ గురించి నాకు వాళ్ళే చెప్పారు, గుప్పెట్లో పట్టి పిసికి వదిలితే వేళ్ళ గుర్తులు నిలవాలి, మధ్యలో విరిస్తే అంచు పొడిగా రాలకూడదు, మూడు నాలుగు శాతం తేమ అంటే చేతికి ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

సేఫ్టీ గురించి సార్ ప్రత్యేకంగా చెప్పమన్నారు. ఫర్నేస్ దగ్గర నీళ్ళంత ప్రమాదం ఇంకోటి లేదు. నీళ్ళు ఆవిరైతే సుమారు 1700 రెట్లు పెరుగుతాయి, తడి స్క్రాప్ కరిగిన మెటల్ లోపలికి వెళ్ళిందంటే మెటల్ మొత్తం పైకి చిమ్ముతుంది. వానాకాలంలో ఆరుబయట పడున్న స్క్రాప్, రెండు వైపులా మూసుకుపోయిన పైపు ముక్కలు, ఇవి ఫర్నేస్‌లో వేసే సరుకులో, అంటే ఛార్జ్‌లో, కనపడితే మీరు ట్రైనీ అయినా సరే అరిచి ఆపండి, మొహమాటపడకండి. బట్టలు కాటన్ మాత్రమే, ఆ నైలాన్ ట్రాక్ ప్యాంట్లు ఇంట్లోనే వదిలేయండి, నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అతుక్కుపోతాయి. ప్యాంటు బూటు పైన ఉండాలి, బూటు లోపలికి దోపకూడదు, దోపితే మెటల్ చుక్క నేరుగా పాదం దగ్గరికి వెళ్తుంది. ఫెట్లింగ్‌లో మాస్క్, ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే ఇంక బయటికి రాదు. కర్చీఫ్ కట్టుకుంటే చాలు అని ఎవరైనా అంటే వినకండి.

ఇప్పుడు పేరు ఎందుకు చెప్పనన్నానో. మాకు మొదట్లో పన్నెండు గంటల షిఫ్టులు వేశారు, స్టైపెండ్ ఇస్తామని చెప్పి కొన్ని నెలలు ఇవ్వలేదు, మాస్కులు అడిగితే స్టోర్స్‌లో లేవన్నారు. మనం జీతం లేని హెల్పర్లం అన్నమాట. ఫెట్లింగ్‌లో ఒక నెల గ్రైండర్ పట్టుకోవడం మంచిదే, క్యాస్టింగ్‌లో డిఫెక్ట్ ఎక్కడ వస్తుందో చేతికి తెలుస్తుంది. నాలుగో నెలలో కూడా అదే చేయిస్తుంటే అది ట్రైనింగ్ కాదు. వారానికి 48 గంటలు అనే లెక్క పర్మనెంట్ వర్కర్‌కే ఉన్నప్పుడు స్టూడెంట్‌కి అంతకంటే ఎక్కువ ఎందుకు? మేము ఏం చేశామంటే, గొడవ పడలేదు, ఏ డిపార్ట్‌మెంట్‌లో ఎన్ని వారాలు అని ఒక రొటేషన్ చార్ట్ మేమే కాగితం మీద రాసి హెచ్ఆర్‌కి ఇచ్చి, ఒక కాపీ విజిట్‌కి వచ్చిన మన సార్‌కి ఇచ్చాం. నోటి మాటకి పలకనివాళ్ళు కాగితానికి పలికారు. అమ్మాయిలని అయితే అడగకుండానే ల్యాబ్‌లో వేసేస్తారు, అక్కడ వాళ్ళకి సేఫ్ అంటారు, మా బ్యాచ్ అమ్మాయి ఒకామె పట్టుబట్టి డే షిఫ్ట్‌లో మెల్టింగ్‌కి వచ్చింది, ఇప్పుడు మోల్డులోకి మెటల్ ఎలా పోయాలో డిజైన్ చేసే మెథడ్స్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తోంది. చెల్లెళ్ళూ, అడగండి.

డబ్బుల విషయం తొందరగా చెప్పేస్తాను. కోర్సులో చేసే ఈ ట్రైనింగ్ వేరు, పాసయ్యాక చేసే అప్రెంటిస్‌షిప్ వేరు, చాలామంది రెండూ ఒకటే అనుకుంటున్నారు. అప్రెంటిసెస్ యాక్ట్ 1961లో వచ్చింది, డిప్లొమావాళ్ళని 1973 సవరణతో అందులో కలిపారు, 2019 రూల్స్‌లో డిప్లొమాకి నెలకి కనీసం 8000 అని పెట్టారు. పాసవగానే నాట్స్ అనే ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోండి, ఆధార్‌లో పేరూ సర్టిఫికెట్‌లో పేరూ ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి, అక్కడ చాలా తలనొప్పి ఉంటుంది.

చివరగా లాగ్‌బుక్. అందరూ ఆఖరి వారంలో కూర్చుని ఒకేసారి రాస్తారు, ఎగ్జామినర్‌కి చూడగానే తెలిసిపోతుంది, అన్ని పేజీలూ ఒకే పెన్ను. నాది వేరే, మసి మరకలతో ఒక పాకెట్ బుక్ ఉండేది, ప్రతి హీట్‌కీ, అంటే ఒక్కోసారి కరిగించిన మెటల్‌కీ, ట్యాపింగ్ టెంపరేచర్, అంటే ఫర్నేస్ నుంచి వంచినప్పటి వేడి, ట్రీట్‌మెంట్ టైము, ఆఖరి మోల్డ్ పోసిన టైము, మర్నాడు ఎన్ని రిజెక్ట్. ఈ నాలుగే. కొన్నాళ్ళు రాశాక ఆఖరి మోల్డులే ఎక్కువ పోతున్నాయని కాగితం మీద కనపడింది, వైవాలో దాని మీదే అడిగారు, నా మొదటి ఇంటర్వ్యూలోనూ దాని మీదే అడిగారు. ఆ బుక్ జిరాక్స్ కాపీలు తెచ్చాను, కంపెనీ పేరున్న పేజీ తీసేశాను, ఫ్రంట్ బెంచీలవాళ్ళు తీసుకుని వెనక్కి పాస్ చేయండి. అలాగే ఆ విరిగిన శాంపిల్ కూడా, మంచిదొకటి చెడ్డదొకటి, డయాస్ పక్కన పెట్టాను, పాతబడ్డాయి కాబట్టి వాసన రాదు, రంగు తేడా మాత్రం వెలుతురులో పెట్టి చూడండి.

ఇంక ప్రశ్నలు అడగండి. నీ జీతం ఎంతన్నా అని మాత్రం మైకులో అడక్కండి, కిందకి దిగాక చెప్తాను.