చీటీ కట్టిన తర్వాతే చెయ్యి తుడుచుకోండి

అందరికీ నమస్కారం. డేలిలీలు, అంటే లిల్లీలా కనిపించే ఆ పూల మొక్కల పెంపకం గురించి చెప్పమన్నారు. పెంపకం రెండు మాటల్లో అయిపోతుంది. రోజుకు ఆరు గంటలైనా ఎండ తగలాలి, మొక్క మొదలు దగ్గర నీళ్లు నిలవకూడదు. దుబ్బు ఇరుకై పూలు తగ్గితే తవ్వి పిలకలు విడదీసి నాటాలి. అంతే. నేను చెప్పాలని వచ్చింది వేరే: కొత్త రంగుల కోసం రెండు మొక్కల్ని కలిపినప్పుడు చీటీ ఎలా రాయాలో.

అన్నట్టు, ఇంట్లో పిల్లిని పెంచుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. అమ్మా, ఈ మొక్క పిల్లి నోటికి అందకుండా చూడండి. కొరికితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ప్రాణానికే ముప్పు.

సరే, అసలు సంగతి. అడవి డేలిలీలు ఎక్కువగా పసుపు, నారింజ రంగుల్లోనే ఉంటాయి. ఇవాళ మనం చూసే ఊదా, గులాబీ, నల్లటి ఎరుపు అన్నీ ఎవరో ఒకరు ఓపికగా ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అంటించగా వచ్చినవే. పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. పొద్దున్నే మంచు ఆరాక ఒక పువ్వులోంచి కేసరం తుంచి, దాని పొడిని రెండో పువ్వు మధ్యలో పొడుగ్గా ఉండే కీలం కొసకు రాయడమే. పువ్వుకు ఆయుష్షు ఒక్క రోజు. రేపు చూద్దాంలే అంటే రేపు ఆ పువ్వుండదు.

డేలిలీల్లో ముఖ్యంగా రెండు రకాలు: కణంలో 22 క్రోమోజోములు ఉన్నవి డిప్లాయిడ్లు, దానికి రెట్టింపు 44 ఉన్నవి టెట్రాప్లాయిడ్లు. ఈ రెంటినీ కలిపితే కాయ నిలవడం చాలా అరుదు. మీ మొక్క ఏ రకమో ముందే తెలుసుకోండి, సీజనంతా వృథా కాకుండా ఉంటుంది.

ఇక నా బాధ చెప్తాను. ఒక ఏడాది ఏడు కాయలు నిలిచాయి. కాడకో చీటీ కట్టి స్కెచ్ పెన్నుతో తల్లి పేరు, తండ్రి పేరు రాశాను. రెండు నెలల ఎండకు సిరా పూర్తిగా వెలిసిపోయింది. కాయలు పగిలేనాటికి నా చేతిలో మిరియాల్లాంటి నల్లటి గింజలూ, తెల్లటి చీటీలూ మిగిలాయి. అయినా నాటాను. మూడో ఏట ఒక మొక్క పూసింది. లేత పీచు రంగు రేకులు, మధ్యలో ఊదా కన్ను, గొంతు లోపల పచ్చ. సాయంత్రం అది ముడుచుకునేదాకా పక్కనే కూర్చున్నాను. దాని అమ్మ ఎవరో, నాన్న ఎవరో నాకు తెలియదు. ఆ జంటను మళ్లీ కలిపి ఇంకో వంద గింజలు వేసే దారి లేదు. దాని గింజలు వేస్తే అదే పువ్వు రాదు కదా, ప్రతి గింజా ఓ కొత్త మొక్కే.

అమెరికాలో 1946లో ఏర్పడిన డేలిలీ సొసైటీ కొత్త రకాలను నమోదు చేస్తుంది. ఆ పత్రంలో తల్లిదండ్రుల గడి ఉంటుంది. తెలియదు అని రాయొచ్చు. నాకు చెయ్యి రాలేదు.

అందుకే బతిమాలుతున్నాను, పెన్సిల్‌తో రాయండి. పెన్సిల్ గీత ఎండకు వెలిసిపోదు. ముందు కాయ మోసే మొక్క పేరు, ఇంటూ గుర్తు, తర్వాత పుప్పొడి ఇచ్చినదాని పేరు, కింద తేదీ. పుప్పొడి అంటిన చెయ్యి తుడుచుకోకముందే రాయండి. అదే సంగతి ఇంట్లో నోటు పుస్తకంలో కూడా ఎక్కించండి. గుమ్మం దగ్గర బల్ల మీద చీటీలు, పెన్సిళ్లు పెట్టాను. వెళ్లేటప్పుడు తలా పది తీసుకోండి.