కూకట్‌పల్లిలో నొక్కితే తెనాలిలో ప్రింట్: ఏడాది వాడాక నా రివ్యూ

నమస్కారం. ముందు ఈ సౌండ్ వినండి.

ఆ గరగర వినిపించిందా? అది తెనాలిలో మా అమ్మ స్పీకర్‌లో పెట్టిన ఫోన్‌లోంచి వస్తోంది. నేను కూకట్‌పల్లిలో కూర్చుని ఇప్పుడే ప్రింట్ నొక్కాను. అక్కడ నాన్న ఇన్సూరెన్స్ రసీదు బయటికొస్తోంది. ఏడాదిగా మా ఇంట్లో ఇలాగే నడుస్తోంది.

ఇంతకుముందు ఏం చేసేవాళ్లమో మీకూ తెలుసు. నేను పీడీఎఫ్ అమ్మకి వాట్సాప్ చేయాలి, అమ్మ దాన్ని జిరాక్స్ షాపు నంబరుకి పంపాలి, నాన్న ఎండలో వెళ్లి తెచ్చుకోవాలి. పది రూపాయల పనే. కానీ ఊళ్లో సగం మంది ఆధార్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఆ షాపు కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనే ఉంటాయి. ఇంట్లో ప్రింటర్ పెట్టుకుని కూడా మనవి అక్కడికి పంపడం నాకు నచ్చలేదు.

మీ ప్రింటర్‌కి వై-ఫై ఉంటే పని తేలిక. ఎప్సన్, హెచ్‌పీ లాంటి కంపెనీలు చాలా మోడళ్లకి ఒక ఈమెయిల్ అడ్రస్ ఇస్తాయి. ఆ అడ్రస్‌కి ఫైల్ మెయిల్ చేస్తే ప్రింట్ వచ్చేస్తుంది. మా అక్క వాళ్లింట్లో ఇదే పెట్టాను. అంతా కలిపి అరగంట పట్టింది, అందులో ఇరవై నిమిషాలు వై-ఫైకి కలపడానికే పోయాయి. చాలా ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైనే పట్టుకుంటాయి, 5 వాటికి కనిపించదు. రౌటర్‌లో రెండింటికీ ఒకే పేరు ఉండి ప్రింటర్ తికమక పడితే, వేరు వేరు పేర్లు పెట్టి చూడండి. ఇంకో మాట. ఎవరెవరి మెయిల్ నుంచి వస్తే ప్రింట్ చేయాలో లిస్టు పెట్టుకునే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని మొదటిరోజే నింపండి. లేదంటే ఆ అడ్రస్ ఎవరికి దొరికితే వాళ్లు మీ ఇంకు ఖర్చు పెడతారు.

ఇందులో నాకు నచ్చనిది ఒకటే: ఫైల్ ముందు కంపెనీ సర్వర్‌కి వెళ్లి, అక్కడి నుంచి మన ప్రింటర్‌కి వస్తుంది. ఆ సర్వీసు ఆపేస్తే మన కథా అంతే. గూగుల్ క్లౌడ్ ప్రింట్ గుర్తుందా? 2010లో మొదలైంది, 2020 డిసెంబరు 31తో మూసేశారు.

కొంతమంది రౌటర్‌లో పోర్ట్ ఓపెన్ చేసేస్తే చాలు, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా ప్రింటర్‌కి తలుపు తెరిస్తే చాలు అంటారు. దయచేసి చేయకండి. 2018 నవంబరులో ఒక హ్యాకర్ ఇలా ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న ప్రింటర్లు వెతికి పట్టుకుని, దాదాపు 50 వేల వాటిలో ప్యూడీపై అనే యూట్యూబ్ చానల్‌కి సబ్‌స్క్రైబ్ చేయమని కాగితాలు ప్రింట్ చేయించాడు. సబ్‌స్క్రైబ్ చేయమని నేనూ అడుగుతాను కానీ, మీ ప్రింటర్‌ని కాదు. పైగా మన దగ్గర చాలా కనెక్షన్లకి సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటి నుంచి నేరుగా చేరుకునే ఇంటర్నెట్ అడ్రస్, ఉండదు, తెరిచినా పని చేయదు.

మా తెనాలి ప్రింటర్‌కి వై-ఫై లేదు. పాత ఇంక్ ట్యాంక్ మెషిన్, యూఎస్‌బీ వైరు ఒక్కటే. కంపెనీ పేరు చెప్పను, ఇప్పుడు చెప్పబోయే తిప్పలు దేనికైనా ఒకటే. దానికి రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే బుల్లి కంప్యూటర్ బోర్డు తగిలించాను. చూడండి, చూయింగ్ గమ్ ప్యాకెట్ అంత ఉంటుంది. అందులో రెండు సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కప్స్ అనేది ప్రింట్ సర్వర్, అంటే మనం పంపిన ఫైల్ అందుకుని ప్రింటర్‌కి ఇచ్చేది. టెయిల్‌స్కేల్ ఏమో నా ఫోనుకీ ఆ బోర్డుకీ మధ్య ఇంకెవరికీ కనిపించని దారి వేస్తుంది. రౌటర్‌ని ముట్టుకోనక్కర్లేదు. బోర్డుకి 100తో మొదలయ్యే ఒక అడ్రస్ వస్తుంది. ఆండ్రాయిడ్‌లో ప్రింట్ సర్వీస్ సెట్టింగ్స్‌కి వెళ్లి ప్రింటర్‌ని ఆ అడ్రస్‌తో యాడ్ చేశాను. ఐఫోన్ వాళ్లకి ఇంత సులువు కాదు. ఐఫోన్‌లో ప్రింట్ చేసే ఎయిర్‌ప్రింట్ ఒకే ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్న ప్రింటర్లనే తనంతట తాను వెతుక్కుంటుంది.

ఈ బోర్డు విండోస్ మీద కాదు, లినక్స్ మీద నడుస్తుంది. అందుకే కొనేముందు మీ ప్రింటర్‌కి లినక్స్ డ్రైవర్, అంటే ప్రింటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్, ఉందో లేదో ఓపెన్‌ప్రింటింగ్ సైట్‌లో చూసుకోండి. కొన్ని లేజర్ ప్రింటర్లకి డ్రైవర్ ఉన్నా, అది మామూలు కంప్యూటర్ ప్రాసెసర్లకే పని చేస్తుంది, ఈ బోర్డు మీద నడవదు. అలాంటప్పుడు అటక మీద పాత లాప్‌టాప్ ఉంటే దించండి.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఆరు నెలలు బ్రహ్మాండంగా నడిచి, ఒకరోజు ఆగిపోయింది. వైరు చూడమని, స్విచ్ చూడమని అమ్మని గంటసేపు తిప్పలు పెట్టాను. తీరా చూస్తే టెయిల్‌స్కేల్‌లో లాగిన్‌కి 180 రోజుల గడువు ఉంటుంది, అలాంటి బోర్డుకి దాన్ని ఆఫ్ చేయమని వాళ్లే రాసి పెట్టారు. నేనే చదవలేదు. మీరు మొదటిరోజే ఆఫ్ చేసేయండి.

ఇంటర్నెట్ సంగతి ఇంతటితో అయిపోయింది. అసలు టెన్షన్ తెనాలి ఇంట్లో, ప్రింటర్ దగ్గర ఉంది. కరెంటు పోయి వస్తే మా ప్రింటర్ తనంతట తాను ఆన్ అవదు, ఎవరో ఒకరు బటన్ నొక్కాలి. కాగితం ఉందా అని అడగాలి. అమ్మ అయితే రోజూ పడుకునే ముందు గోడ స్విచ్ ఆపేసేది.

"రాత్రంతా దానికి కరెంటు దేనికిరా, అది కూడా పడుకుంటుంది కదా" అంటుంది.

ఇంక్‌జెట్‌ని గోడ దగ్గర ఆపేస్తే, కాగితం మీద ఇంకు చల్లే హెడ్ తన మూత కిందికి వెళ్లకుండానే ఆగిపోవచ్చు, అప్పుడు ఇంకు ఎండుతుంది. ప్రింటర్ మీదున్న బటన్‌తోనే ఆపాలి. ఈ ఒక్క మాట అమ్మకి నచ్చచెప్పడానికి, బోర్డు సెట్ చేయడానికి పట్టినంత టైమ్ పట్టింది.

నా రేటింగ్ అంటే, ఈమెయిల్ దారికి పదికి ఏడు. బోర్డు దారికి ఎనిమిది, కానీ లినక్స్ అంటే విసుగు లేనివాళ్లకే. నెలకి రెండు కాగితాలే అవసరమైతే ఏదీ వద్దు, జిరాక్స్ షాపే నయం.

హెడ్ ఎండకుండా బోర్డులో ఒక చిన్న ఏర్పాటు కూడా చేశాను. ప్రతి ఆదివారం పొద్దున ఏడింటికి నాలుగు రంగుల గీతలున్న కాగితం ఒకటి దానంతట అదే ప్రింట్ అవుతుంది. మొదటి వారం అమ్మ భయపడి ఫోన్ చేసింది. ఇప్పుడు ఏడున్నరకి ఫొటో వస్తుంది, గీతలన్నీ బాగున్నాయని. ఇదిగో, మొన్నటిది చూడండి. వెనకవైపు కందిపప్పు, చింతపండు, అర కిలో బెల్లం అని రాసి ఉంది.